మీ డేటా ఏజెంట్‌కి కంపెనీ లెక్కలు నేర్పడం ఎలా

"పోయిన నెల మనకి యాక్టివ్ కస్టమర్లు ఎంతమంది?" అని ఏఐ ఏజెంట్‌ని అడిగితే అది టేబుల్స్ వెతుక్కుంటుంది, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) రాసుకుంటుంది, రన్ చేసి ఒక నంబర్ చేతిలో పెడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, నంబర్ కూడా నమ్మేలాగే ఉంటుంది. కానీ మీ దగ్గర యాక్టివ్ అంటే లాగిన్ అయినవాళ్లా, డబ్బు కట్టినవాళ్లా, ఫ్రీ ట్రయల్‌లో ఉన్నవాళ్లని కలపాలా వద్దా, మీ టీమ్ వాళ్లు టెస్టింగ్‌కి పెట్టుకున్న అకౌంట్లు తీసేయాలా, ఇవేవీ ఆ టేబుల్స్‌లో రాసుండవు. రాసి లేనిదాన్ని ఏజెంట్ ఊహించుకుంటుంది, పైగా ఊహించుకున్నానని చెప్పదు, అదీ అసలు తలనొప్పి.

ఇది ఉత్తి అభిప్రాయం కాదు, కొలిచి చూశారు కూడా. 2023లో బర్డ్ అని ఒక బెంచ్‌మార్క్ వచ్చింది, మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నకి మోడల్ సరైన ఎస్‌క్యూఎల్ రాస్తుందా అని చూసే పరీక్ష, 95 డేటాబేసులు, 12,751 ప్రశ్నలు. అందులో ప్రశ్నతో పాటు ఒక చిన్న హింట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఈ మాటకి అర్థం ఇది, ఈ కాలమ్‌లో ఈ కోడ్ ఉంటే ఇది అని. అప్పటి జీపీటీ-4 హింట్ లేకుండా 34.88 శాతం కరెక్ట్‌గా చేస్తే, హింట్ ఇచ్చాక 54.89 శాతం చేసింది. అదే మోడల్, అవే ప్రశ్నలు, మారింది ఆ ఒకటి రెండు లైన్ల సమాచారమే. మనుషులైతే 92.96 శాతం. ఇప్పుడొస్తున్న మోడల్స్ అప్పటివాటికంటే చాలా ముందున్నాయి, ఒప్పుకుంటా, అయినా ఎంత తెలివైన మోడలైనా మీ ఫైనాన్స్ వాళ్ల తలలో ఉన్న రూల్ చదవలేదు కదా.

కాబట్టి పని ఏంటంటే ఆ తలల్లో ఉన్నదాన్ని బయటికి తీసి, ఏజెంట్ వాడుకునేలా రాసి, అది దారి తప్పకుండా చూసుకోవడం. ఎలా చెయ్యాలో నాకు పనికొచ్చే వరసలో చెప్తాను.

ప్రశ్నల నుంచి మొదలెట్టండి, టేబుల్స్ నుంచి కాదు

ఎక్కువమంది చేసేదేంటంటే వేర్‌హౌస్‌లో (కంపెనీ డేటా అంతా చేరే డేటాబేస్) ఉన్న మొత్తం స్కీమా, అంటే టేబుల్స్, కాలమ్స్ లిస్టు, వికీలో ఉన్న పేజీలన్నీ, పాత డాక్యుమెంట్లన్నీ తీసుకెళ్లి ఏజెంట్ మీద కుమ్మరించేస్తారు. ఎంత ఎక్కువిస్తే అంత మంచిదని. అలా అవ్వదు. కాంటెక్స్ట్, అంటే ప్రశ్నతో పాటు మోడల్‌కి ఇచ్చే సమాచారం, పొడుగయ్యేకొద్దీ మధ్యలో ఉన్న విషయాలు మోడల్స్ సరిగా పట్టించుకోవని చాలా పరీక్షల్లో తేలింది, అదొక్కటే కాదు, వికీలో మూడేళ్ల క్రితం ఎవరో రాసి వదిలేసిన డెఫినిషన్, ఇప్పుడు వాడే డెఫినిషన్ రెండూ పక్కపక్కనే ఉంటే ఏజెంట్ ఏది తీసుకుంటుందో దైవాధీనం. తప్పు కాంటెక్స్ట్ ఇవ్వడం కంటే అసలు ఇవ్వకపోవడమే నయం, ఎందుకంటే రాసి ఉన్నదాన్ని చూపించి మరీ ధైర్యంగా తప్పు చెప్తుంది.

దానికి బదులు జనం నిజంగా ఏం అడుగుతున్నారో చూడండి. డేటా టీమ్ చాట్ ఛానెల్‌లో వచ్చిన ప్రశ్నలు, టికెట్లు, రోజూ ఓపెన్ అయ్యే డ్యాష్‌బోర్డులు, ఇంకా వేర్‌హౌస్‌లో ఉండే క్వెరీ హిస్టరీ, అంటే ఇదివరకు రన్ చేసిన ఎస్‌క్యూఎల్ చిట్టా (స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ అనే వేర్‌హౌస్‌లు రెండిట్లోనూ దీన్ని మామూలు టేబుల్ లాగే క్వెరీ చేసుకోవచ్చు). ఇవన్నీ ఒక షీట్‌లో వేసి, ఒకే ప్రశ్న వేరే వేరే మాటల్లో ఉన్నవి కలిపేస్తే, అవే కొన్ని విషయాలు తిరిగి తిరిగి వస్తున్నాయని కనిపిస్తుంది: అమ్మకాలు, రీఫండ్లు, కొత్త కస్టమర్లు, వదిలేసి వెళ్లినవాళ్లు, డెలివరీ టైమ్. మొదట వాటికే కాంటెక్స్ట్ రాయండి. మిగతా వాటికి "దీనికి నా దగ్గర ఖరారైన డెఫినిషన్ లేదు" అని ఏజెంట్ చెప్తే సరిపోతుంది, అది కూడా మంచి జవాబే.

చూపించే టేబుల్స్ తగ్గించండి

ఏ వేర్‌హౌస్ తెరిచినా ఆర్డర్స్, ఆర్డర్స్ న్యూ, ఆర్డర్స్ ఫైనల్, ఆర్డర్స్ ఫైనల్ 2 అని నాలుగు టేబుల్స్ ఉంటాయి, అందులో ఏది బతికుందో ఇద్దరికే తెలుసు. ఏజెంట్‌కి ఆ నాలుగూ కనిపిస్తే నాలుగూ ఒకటే. రా టేబుల్స్ (డేటా వచ్చింది వచ్చినట్టే ఉండేవి) అసలు చూపించొద్దు. క్లీన్ చేసి పెట్టిన మార్ట్ టేబుల్స్ మాత్రమే ఉండే వేరే స్కీమా (టేబుల్స్‌కి ఒక విడి గది లాంటిది) పెట్టి, ఏజెంట్ యూజర్‌కి దాని మీద మాత్రమే రీడ్ పర్మిషన్ ఇవ్వండి. ప్రాంప్ట్‌లో (ఏజెంట్‌కి మాటల్లో ఇచ్చే సూచనలు) "పాత టేబుల్స్ వాడకు" అని బతిమాలడం కంటే ఇది వంద రెట్లు నయం, కనపడనిదాన్ని అది వాడలేదు.

ఉంచిన టేబుల్స్‌కి కాలమ్ వివరణలు రాయాలి, ఇక్కడ ఒక మాట. ఏదో టూల్‌తో ఆటోమేటిక్‌గా వివరణలు రాయించేస్తారు, "కస్టమర్ ఐడీ: కస్టమర్ యొక్క ఐడీ" అని వస్తుంది, దానివల్ల ఎవరికి లాభమో ఆ టూల్‌కే తెలియాలి. పేరు చూసి తెలియనిది మాత్రమే రాయండి: ఈ టేబుల్‌లో ఒక్కో వరస దేన్ని సూచిస్తుంది (ఆర్డర్‌కి ఒకటా, ఆర్డర్‌లోని ఐటమ్‌కి ఒకటా), స్టేటస్‌లో 1, 2, 7 అంటే ఏంటి, 7 ఎప్పుడు ఆపేశారు, అమౌంట్ చిన్న యూనిట్లలో ఉందా 100తో భాగించాలా, ట్యాక్స్ కలిపా కలపకా, ఖాళీగా ఉంటే దానర్థం సున్నానా లేక సమాచారం రాలేదా. ఒక్కో వరస దేనికి అన్నది రాయకపోతే మిగతావి ఎన్ని రాసినా దండగే, దాని సంగతి కింద మళ్లీ వస్తుంది.

మెట్రిక్ కార్డు

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. ముఖ్యమైన ప్రతి మెట్రిక్‌కి, అంటే కంపెనీ కొలిచే ప్రతి నంబర్‌కి, ఒక కార్డు రాయండి, వ్యాసం కాదు, కార్డు. ఇలా ఉండాలి:

పేరు: యాక్టివ్ కస్టమర్
వేరే పేర్లు: యాక్టివ్ యూజర్, మంత్లీ యాక్టివ్. సపోర్ట్ వాళ్లు అనే "లైవ్ అకౌంట్" ఇది కాదు
అర్థం: ఆ క్యాలెండర్ నెలలో కనీసం ఒక్క ఆర్డర్ డెలివరీ అయిన, డబ్బు కట్టిన కస్టమర్
లెక్క: ఆ ఆర్డర్లలో వేర్వేరు కస్టమర్ ఐడీల కౌంట్
టేబుల్: మార్ట్‌లో ఉన్న ఆర్డర్స్
తీసేయాల్సినవి: టెస్ట్ అకౌంట్లు, ఉద్యోగుల అకౌంట్లు, మొత్తం రీఫండ్ అయిన ఆర్డర్లు
తేదీ: డెలివరీ అయిన రోజు. ఆర్డర్ పెట్టిన రోజు కాదు
విడగొట్టడం: నెల, ప్లాన్, కస్టమర్ రీజియన్ వారీగా చెయ్యొచ్చు. నెలల నంబర్లు కూడి క్వార్టర్ నంబర్ చెప్పొద్దు
ఎప్పట్నుంచి: 2024 జనవరి. అంతకుముందు రిపోర్టుల్లో ఆర్డర్ పెట్టిన రోజు లెక్క
ఓనర్: ఫైనాన్స్ అనలిటిక్స్
మళ్లీ చూసుకోవాల్సింది: ప్రతి క్వార్టర్ మొదట్లో

ఇందులో చూడండి, అర్థం అన్న లైన్ కంటే "ఇది కాదు", "ఇలా చెయ్యొద్దు" అన్న లైన్లే ఎక్కువ పని చేస్తాయి. అర్థం అన్నది మోడల్ కాస్త అటూ ఇటూగా ఊహించగలదు, కానీ ఒకే కస్టమర్ మూడు నెలలూ కొంటే మూడు నెలల నంబర్లు కూడినప్పుడు అతను మూడుసార్లు లెక్కకొస్తాడని, కాబట్టి క్వార్టర్‌కి మొదట్నుంచి మళ్లీ లెక్కపెట్టాలని రాసి పెడితేనే ప్రతిసారీ గుర్తుంచుకుంటుంది. శాతాలు, సగటులు కూడా ఇంతే, రీజియన్ల సగటులకి మళ్లీ సగటు తీస్తే మొత్తం సగటు రాదు, భిన్నంలో పైన ఉన్నది కింద ఉన్నది విడివిడిగా కూడి తర్వాత భాగించాలి. "ఎప్పట్నుంచి" లైన్ కూడా వదలొద్దు. పోయినేడాదితో పోల్చమంటే పాత డెఫినిషన్‌తో ఉన్న రిపోర్ట్ నంబర్‌కీ ఏజెంట్ ఇచ్చిన నంబర్‌కీ తేడా వస్తుంది, అప్పుడు అందరూ ఏజెంట్‌దే తప్పంటారు.

సరే, ఈ కార్డులో రాయాల్సింది ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రతి కంపెనీలో ఒకరుంటారు, నంబర్ తేడాగా ఉంటే అందరూ వాళ్లకే మెసేజ్ పెడతారు. వాళ్లతో కూర్చోండి. "యాక్టివ్ కస్టమర్ అంటే ఏంటి" అని అడగొద్దు, అడిగితే డాక్యుమెంట్‌లో ఉన్నదే చెప్తారు. "ఒక నంబర్ తప్పని నీకెలా తెలుస్తుంది, ముందు ఏం చూస్తావు" అని అడగండి. అప్పుడొస్తాయి అసలు సంగతులు: "నెల మొదటి రెండు రోజులు డేటా పూర్తిగా రాదు", "ఆ రీజియన్ పాత సిస్టమ్‌లో ఉంది, రెండుసార్లు పడుతుంది", "ఈ నంబర్ ఎప్పుడూ ఆ నంబర్‌కంటే తక్కువే ఉండాలి". చివరిదాన్ని కార్డులో చెక్ లాగా రాసేయండి, ఏజెంట్ జవాబిచ్చే ముందు అది తనే సరిచూసుకోవచ్చు. క్వెరీ హిస్టరీలో ఎస్‌క్యూఎల్ చూసి కార్డు మొదటి డ్రాఫ్ట్ మోడల్ చేతే రాయించుకోవచ్చు, టైమ్ బాగా కలిసొస్తుంది, కాకపోతే ఓనర్ చదివి ఓకే అన్నాకే అది ఏజెంట్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకోటి, మీరు కార్డులు రాయడం మొదలెట్టగానే గొడవలు బయటపడతాయి. సేల్స్ వాళ్లకి రెవెన్యూ అంటే సంతకమైన కాంట్రాక్ట్ విలువ, ఫైనాన్స్ వాళ్లకి ఆ నెలలో పుస్తకాల్లో చూపించగలిగిన భాగం. ఇద్దరూ కరెక్టే. దీన్ని ప్రాంప్ట్‌లో తెలివిగా రాసి సర్దేద్దాం అనుకోకండి. రెండింటికీ రెండు పేర్లు పెట్టండి, బుకింగ్స్ అని ఒకటి, రికగ్నైజ్డ్ రెవెన్యూ అని ఒకటి, ఎవరైనా ఉత్తినే "రెవెన్యూ" అంటే ఏది తీసుకోవాలో పైవాళ్లు ఒకరు తేల్చాలి, తేల్చేదాకా ఏజెంట్ తిరిగి అడగాలి. ఇది మీటింగ్‌లో తేలే పని, ఏ మోడలూ మీ బదులు తేల్చదు.

లెక్కని మాటల్లో కాదు, కోడ్‌లో పెట్టండి

కార్డు మాటల్లో ఉంటే ఏజెంట్ ప్రతిసారీ దాన్ని చదివి కొత్తగా ఎస్‌క్యూఎల్ రాస్తుంది, పదిసార్లు అడిగితే ఒకసారైనా ఏదో ఒక ఫిల్టర్ మర్చిపోయే ఛాన్స్ ఉంది. అదే లెక్కని సెమాంటిక్ లేయర్‌లో (మెట్రిక్స్ లెక్కలన్నీ ఒకేచోట కోడ్‌గా ఉండే పొర) రాసి పెడితే ఏజెంట్ "ఈ మెట్రిక్, ఈ నెల, రీజియన్ వారీగా" అని ఎంచుకుంటుంది అంతే, ఎస్‌క్యూఎల్ ఆ లేయరే తయారు చేస్తుంది, ఎన్నిసార్లు అడిగినా అదే. లుకర్‌లో లుక్‌ఎంఎల్, డీబీటీలో సెమాంటిక్ లేయర్, క్యూబ్, స్నోఫ్లేక్‌లో సెమాంటిక్ వ్యూస్, అన్నీ ఈ పనికే. మీ దగ్గర ఏది ఉంటే అది వాడండి, టూల్ ఎంచుకోవడంలో నెలలు గడిపేసేవాళ్లని చూస్తుంటే జాలేస్తుంది. ఏదీ లేకపోతే డేటాబేస్‌లో మామూలు వ్యూలు (టేబుల్ లాగా వాడుకునే, సేవ్ చేసిన క్వెరీలు) చాలు, టెస్ట్ అకౌంట్లు తీసేసి, రీఫండ్లు సరిచేసి, అమౌంట్‌ని 100తో భాగించి పెట్టిన వ్యూ ఒకటి ఉంటే కార్డులో సగం రూల్స్ ఏజెంట్‌కి చెప్పాల్సిన అవసరమే ఉండదు.

నా లెక్క ఏంటంటే, కోడ్‌లో పెట్టగలిగినది ఏదీ మాటల్లో ఉంచొద్దు. మాటలు దేనికంటే ఏ మెట్రిక్ ఎప్పుడు వాడాలి, జనం ఏ పేరుతో అడుగుతారు, ఏది దేనితో కలపకూడదు అన్నవాటికి.

గోతులు ఎక్కడున్నాయో రాయండి

సెమాంటిక్ లేయర్ బయట ఏజెంట్ సొంతంగా ఎస్‌క్యూఎల్ రాయాల్సిన సందర్భాలు ఎలాగూ వస్తాయి. వాటికోసం ఒక చిన్న ఫైల్, మీ డేటాలో పడే గోతులన్నీ అందులో. కొన్ని అన్నిచోట్లా ఉండేవే.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది జాయిన్, అంటే రెండు టేబుల్స్ కలపడం. ఆర్డర్స్ టేబుల్‌లో ఆర్డర్ మొత్తం అమౌంట్ ఉంటుంది, దాన్ని ఐటమ్స్ టేబుల్‌తో జాయిన్ చేసి కూడితే మూడు ఐటమ్స్ ఉన్న ఆర్డర్ అమౌంట్ మూడుసార్లు పడుతుంది. ఎర్రర్ రాదు, నంబర్ పెద్దదవుతుంది, పెద్ద నంబర్ చూస్తే ఎవరికీ అనుమానం రాదు పైగా సంతోషిస్తారు. ఒక్కో వరస దేనికో రాయమన్నది ఇందుకే, ఏ రెండు టేబుల్స్ మధ్య ఒకటికి ఒకటో ఒకటికి చాలానో కూడా రాయండి.

వారం అంటే ఎప్పుడు మొదలు? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో తేదీని వారానికి కుదిస్తే సోమవారం నుంచి లెక్క, బిగ్‌క్వెరీలో మామూలుగా వారం అంటే ఆదివారం నుంచి. మీ వాళ్లు రిపోర్టుల్లో ఏది వాడతారో రాయకపోతే ప్రతి వారం నంబర్ కొంచెం కొంచెం తేడా వస్తూనే ఉంటుంది. ఇలాంటిదే భాగాహారం, పోస్ట్‌గ్రెస్‌లో 1ని 2తో భాగిస్తే రెండూ పూర్ణాంకాలు కాబట్టి 0 వస్తుంది, బిగ్‌క్వెరీలో 0.5 వస్తుంది. కన్వర్షన్ రేట్ మొత్తం సున్నా అని వస్తే కనీసం కనిపెట్టొచ్చు, వారం తేడా మాత్రం కనిపెట్టడం కష్టం.

ఖాళీ విలువలు, అంటే నల్స్. "స్టేటస్ క్యాన్సిల్డ్ కానివి" అని ఫిల్టర్ పెడితే స్టేటస్ ఖాళీగా ఉన్న వరసలు కూడా చప్పుడు లేకుండా పోతాయి. "ఈ లిస్ట్‌లో లేనివి" అని సబ్‌క్వెరీతో రాసినప్పుడు ఆ లిస్ట్‌లో ఒక్క నల్ ఉన్నా మొత్తం జవాబు ఖాళీగా వస్తుంది. మోడల్స్‌కి ఈ సంగతి తెలుసు, కానీ మీ టేబుల్‌లో ఏ కాలమ్‌లో నల్స్ ఉన్నాయో తెలియదు.

ఇంకా టైమ్‌జోన్ (డేటా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దిగుతుంది, రిపోర్ట్ ఆఫీస్ టైమ్‌లో చూస్తారు, అర్ధరాత్రి అటూ ఇటూ ఆర్డర్లు వేరే రోజులో పడతాయి), ఫైనాన్షియల్ ఇయర్ ఏ నెలలో మొదలవుతుంది, కస్టమర్ రీజియన్ మారితే పాత అమ్మకాలు అప్పటి రీజియన్ కింద రావాలా ఇప్పటి రీజియన్ కిందా, వేరే వేరే కరెన్సీలుంటే ఏ రోజు రేటు. ఒక్కోదానికి ఒక లైన్ చాలు.

సరిచూసిన క్వెరీలు కొన్ని పెట్టండి

ప్రశ్న ఒకటి, దానికి మీ సీనియర్ అనలిస్ట్ రాసి సరిచూసిన ఎస్‌క్యూఎల్ ఒకటి, ఇలాంటి జంటలు ఒక ఇరవై ముప్ఫై పెట్టుకుంటే రూల్స్ పేజీలకి పేజీలు రాసినదానికంటే ఎక్కువ పని చేస్తాయి, మోడల్ వాటిని చూసి మీ పద్ధతి పట్టేసుకుంటుంది. స్నోఫ్లేక్ కార్టెక్స్ అనలిస్ట్‌లో వెరిఫైడ్ క్వెరీస్ అని దీనికోసమే చోటుంది, వేరే టూల్స్‌లో వేరే పేర్లతో ఉంటుంది, ఏదీ లేకపోతే ఫోల్డర్‌లో ఫైల్స్ లాగా పెట్టి ప్రశ్నకి దగ్గరగా ఉన్నవి వెతికి ఇచ్చేలా చేసుకోవచ్చు. ఒక్కటే షరతు, ఎవరో ఎప్పుడో రాసిన క్వెరీలన్నీ ఎగుమతి చేసి ఇందులో పడేయకండి. క్వెరీ హిస్టరీలో తప్పు క్వెరీలు కూడా ఉంటాయి, అవీ రన్ అయినవే కదా.

ఏది ఎప్పుడు ఇవ్వాలి

ఇదంతా ప్రతి ప్రశ్నకీ మోయించక్కర్లేదు. ఎప్పుడూ ఉండేది ఒకటి రెండు పేజీలు దాటకూడదు: కంపెనీ ఏం చేస్తుంది, మెట్రిక్స్ పేర్ల లిస్టు, తేదీ రూల్స్, ఎప్పుడు తిరిగి అడగాలి. కార్డులు, టేబుల్ వివరాలు, సరిచూసిన క్వెరీలు మాత్రం అవసరమైనప్పుడు ఏజెంట్ టూల్ పిలిచి తెచ్చుకోవాలి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ బయటపెట్టిన ఎంసీపీ ప్రోటోకాల్ (ఏజెంట్లని బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి పద్ధతి) ఇలాంటి కనెక్షన్లకే బాగా పనికొస్తుంది, "మెట్రిక్ వెతుకు", "కార్డు చూపించు", "క్వెరీ రన్ చెయ్" అని మూడు నాలుగు టూల్స్ ఉన్న చిన్న సర్వర్ పెట్టుకుంటే చాట్‌లో ఉన్న ఏజెంటూ, ఎడిటర్‌లో ఉన్న ఏజెంటూ ఒకే కార్డు చదువుతాయి.

ఎదురెదురుగా ఉంటే ఎవరి మాట చెల్లాలో కూడా చెప్పేయండి: ముందు సెమాంటిక్ లేయర్, తర్వాత మెట్రిక్ కార్డు, తర్వాత సరిచూసిన క్వెరీ, తర్వాత కాలమ్ వివరణ, వికీ అన్నిటికంటే చివర. అసలు వికీ ఇవ్వకపోయినా మునిగిపోయేదేం లేదు.

జవాబు ఎలా ఉండాలి

నంబర్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోవద్దు. నంబర్, ఏ డెఫినిషన్ వాడింది, ఏ తేదీల మధ్య, ఏం తీసేసింది, డేటా ఎప్పటిదాకా అప్‌డేట్ అయింది, కింద ఎస్‌క్యూఎల్. ఉదాహరణకి "ఫైనాన్స్ డెఫినిషన్ ప్రకారం, డెలివరీ తేదీతో, టెస్ట్ అకౌంట్లు తీసేసి, నిన్న రాత్రి వరకు ఉన్న డేటాతో" అని ఒక లైన్ ఉంటే అడిగినవాళ్లు ఎస్‌క్యూఎల్ రాకపోయినా "అరే, నాకు ఆర్డర్ తేదీతో కావాలి" అని పట్టేస్తారు. డెఫినిషన్ లేకుండా తనే ఊహించి చేస్తే ఆ మాట మొదటి లైన్‌లోనే చెప్పాలి, చివర్లో చిన్న నోట్‌గా కాదు.

తిరిగి అడగడం విషయంలో కొంచెం జాగ్రత్త. ప్రతిదానికీ "మీ ఉద్దేశం ఏమిటి" అంటుంటే రెండో రోజు నుంచి ఎవరూ వాడరు. రెండు అర్థాలకి జవాబులు బాగా వేరుగా వచ్చే చోట మాత్రమే అడగాలి, మిగతా చోట్ల డీఫాల్ట్ తీసుకుని, తీసుకున్నానని చెప్పాలి.

పరీక్ష పెట్టండి

కాంటెక్స్ట్ బాగుందో లేదో చదివితే తెలియదు. మొదట్లో తయారు చేసుకున్న ప్రశ్నల షీట్ ఉంది కదా, అందులోంచి ఒక యాభై తీసుకుని మనిషి చేత కరెక్ట్ జవాబులు రాయించి పెట్టుకోండి. సరిచూసిన క్వెరీల్లో ఉన్న ప్రశ్నలే ఇందులో పెట్టొద్దు, అది పేపర్ ముందే ఇచ్చినట్టు. తేదీలు ఫిక్స్ చేయండి, "పోయిన నెల" అనకుండా "2025 మార్చి" అనండి, లేకపోతే కరెక్ట్ జవాబు నెలనెలా మారిపోతుంది. పోల్చేటప్పుడు ఎస్‌క్యూఎల్‌ని ఎస్‌క్యూఎల్‌తో పోల్చొద్దు, ఒకే జవాబుకి పది రకాలుగా రాయొచ్చు, వచ్చిన నంబర్‌ని పోల్చండి. ఒక్కో ప్రశ్న మూడు నాలుగుసార్లు అడగండి, ఒకసారి కరెక్ట్ ఒకసారి తప్పు వస్తుంటే అక్కడ కాంటెక్స్ట్‌లో ఏదో సందు ఉన్నట్టే.

జవాబు ఇవ్వకూడని ప్రశ్నలు కూడా కలపండి, మీ దగ్గర డేటాయే లేనివి, డెఫినిషన్ తేలనివి. వాటికి "తెలీదు" అంటేనే మార్కు. చాలామంది ఇవి పెట్టరు, పెట్టకపోతే ప్రతిదానికీ ఏదో ఒకటి చెప్పే ఏజెంట్‌కే మంచి స్కోర్ వస్తుంది.

తప్పు వచ్చిన ప్రతిదానికీ ప్రాంప్ట్‌లో ఇంకో లైన్ చేర్చే అలవాటు మానుకోండి, కొన్నాళ్లకి ఆ ప్రాంప్ట్ ఎవరికీ అర్థం కాని చిట్టా అవుతుంది. తప్పు ఎక్కడిదో చూడండి, డెఫినిషన్ లేకపోతే కార్డు, లెక్క తప్పితే సెమాంటిక్ లేయర్, టేబుల్ తప్పు ఎంచుకుంటే ఆ టేబుల్‌ని దాచేయడం.

పాతబడనివ్వొద్దు

కార్డులు, గోతుల ఫైల్, క్వెరీలు, ప్రశ్నలు అన్నీ గిట్‌లో (ఎవరు ఏం మార్చారో గుర్తుంచుకునే టూల్), డేటా మోడల్స్ కోడ్ ఉన్న రిపోలోనే, అంటే అదే ఫోల్డర్‌లో, పెట్టండి. కాలమ్ పేరు మారిస్తే అదే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పు చూసి ఒప్పుకోమని పంపేది) కార్డు కూడా మారాలి. కార్డుల్లో రాసిన ప్రతి టేబుల్, కాలమ్ నిజంగా ఉన్నాయో లేదో చూసే చిన్న స్క్రిప్ట్ ఒకటి సీఐలో (మార్పు చేసిన ప్రతిసారీ తనంతట తనే నడిచే పరీక్షలు) పెడితే సగం పాతబడటం అక్కడే దొరికిపోతుంది, మార్పు చేసిన ప్రతిసారీ ఆ యాభై ప్రశ్నలూ రన్ అయితే ఇంకా మంచిది. ఓనర్ లేని కార్డు ఉంచొద్దు. ఓనర్ కంపెనీ వదిలేస్తే కొత్తవాళ్లు వచ్చేదాకా ఆ మెట్రిక్ జవాబు పక్కన "ఈ డెఫినిషన్ ఎవరూ చూసుకోవట్లేదు" అని వచ్చేలా చేయండి, సిగ్గుకైనా ఎవరో ఒకరు తీసుకుంటారు.

పర్మిషన్ల గురించి రెండు ముక్కలు. ఎవరు ఏ డేటా చూడాలన్నది డేటాబేస్‌లోనే కట్టాలి, వరసల స్థాయిలో, అడిగిన మనిషి పేరు మీద. ప్రాంప్ట్‌లో "జీతాల వివరాలు చెప్పకు" అని రాయడం కాపలా కాదు. కస్టమర్లు టైప్ చేసిన టెక్స్ట్ కాలమ్స్‌లో ఎవడైనా ఏజెంట్‌కి ఆదేశాలు రాసి పెట్టొచ్చు, కాబట్టి దాని చేతికి రాసే పర్మిషన్ అసలు ఉండకూడదు.

"ఎందుకు" అని అడిగితే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ "ఎంత" అన్న ప్రశ్నలకి. మేనేజర్లు అసలు అడిగేది "ఎందుకు తగ్గింది" అని. ఇక్కడ ఏజెంట్ రీజియన్, ప్లాన్, ఛానెల్ అన్నిటివారీగా విడగొట్టి ఎక్కడ తగ్గిందో చూపిస్తుంది, అంతవరకు బాగానే చేస్తుంది, ఆ తర్వాత కథ మొదలెడుతుంది, సీజన్ అని, పోటీ పెరిగిందని. దానికి తెలియనిదేంటంటే ఆ వారం మీరు ధర మార్చారు, మంగళవారం పేమెంట్స్ మూడు గంటలు ఆగిపోయాయి, ట్రాకింగ్ కోడ్ కొత్త వెర్షన్‌లో ఒక ఈవెంట్ రావడం మానేసింది.

అందుకని సంఘటనల టేబుల్ ఒకటి పెట్టండి: మొదలైన తేదీ, అయిపోయిన తేదీ, ఏం జరిగింది, ఏ రీజియన్, ఏ మెట్రిక్స్ మీద ప్రభావం, ఎవరు రాశారు. ధరల మార్పులు, క్యాంపెయిన్లు, రిలీజ్‌లు, అవుటేజీలు, సెలవులు, డేటా పైప్‌లైన్ ఫెయిలైన రోజులు అన్నీ అందులోకి. రిలీజ్‌లు, అవుటేజీలు వేరే సిస్టమ్స్‌లో ఎలాగూ ఉంటాయి కాబట్టి ఆటోమేటిక్‌గా తెచ్చుకోవచ్చు, ధరలు క్యాంపెయిన్లు మాత్రం మార్కెటింగ్ వాళ్ల చేత రాయించాలి, అదే కష్టం, వాళ్లు రోజూ వాడే ఫామ్‌లోనే ఒక బాక్స్ పెడితే రాస్తారు. ఏజెంట్‌కి రూల్ ఏంటంటే, "ఎందుకు" అన్న ప్రశ్నకి ముందు ఈ టేబుల్‌లో ఆ తేదీలు చూడాలి, దొరికితే "అదే సమయంలో ఇది జరిగింది" అనాలి గానీ "దీనివల్లే" అనకూడదు, ఏమీ దొరకకపోతే ఎక్కడ తగ్గిందో చూపించి, కారణం తన దగ్గర లేదని చెప్పి, ఆ మెట్రిక్ ఓనర్ పేరు ఇచ్చి ఊరుకోవాలి.